వెదుకులాటలో వైద్యం: మొదటి పుట ఎవరిది?

ఇక్కడ నేను సాధారణంగా ఒక వ్యాధిని గురించో, ఒక పరీక్షను గురించో, ఒక మందును గురించో వ్రాస్తుంటాను. ఈసారి వ్యాధిని విడిచి, వ్యాధిని గురించిన మాట మీ చేతికి ఏ దారిన వస్తుందో ఆ దారిని గురించి వ్రాయదలచాను. మీరు ఫోను తీసి నాలుగు మాటలు వ్రాయగానే గూగుల్ పుటల వరుసను ఒకటి మీ ముందు పెడుతుంది. ఎంత పొడవైన వరుస అయినా, మీరు తెరిచి చూసేది మొదటి రెండో మూడో. ఆ రెండు మూడింటిని అక్కడ కూర్చోబెట్టింది ఎవరు? ఏ అర్హత చూసి? ఒక వైద్యుడు శ్రమపడి వ్రాసిన పుట నలభయ్యవ స్థానంలో ఉండి, డబ్బా మందు అమ్ముకునేవారి పుట మొదటి స్థానంలో ఉండటం ఎలా సాధ్యమవుతుంది?

ఇది కంప్యూటర్లవారి వ్యవహారం, మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. ఒక సందర్భాన్ని ఊహించండి. పిల్లవాడిని కుక్క కరిచింది. ఇంట్లో పెద్దలు పొలానికి వెళ్ళారు. అమ్మమ్మ దగ్గర ఫోను ఉంది. "కుక్క కరిస్తే ఏం చేయాలి" అని ఆమె అడుగుతుంది. వ్రాయవలసిన పని కూడా లేదు, నోటితో అడిగితే చాలు, ఈనాటి ఫోను తెలుగు వింటుంది. మొదటి ఫలితం గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడగమని, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళి టీకా మొదలుపెట్టించమని, చర్మం చీరుకుపోయి రక్తం వచ్చి ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయించమని చెప్పిందనుకోండి, ఆ పిల్లవాడు బడికి వెళతాడు. అదే మొదటి ఫలితం గాయం మీద కారమో, సున్నమో, ఆకు పసరో పెట్టి కట్టుకట్టమని చెబితే? రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడిన తరువాత వైద్యశాస్త్రం చేయగలిగినది దాదాపు ఏమీ లేదు. దప్పికతో నాలుక పిడచకట్టుకుపోతున్నా, నీటి గ్లాసు చూడగానే గొంతు బిగుసుకుపోయే రోగిని వార్డులో ఒక్కసారి చూసిన వైద్యుడు ఫలితాల వరుసలో ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నను తేలికగా తీసుకోలేడు.

ఈ యంత్రం పనిచేసే తీరును ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు ప్రశ్న అడిగినప్పుడు గూగుల్ ప్రపంచమంతా పరుగెత్తి వెదకదు. క్రాలర్ అనే ప్రోగ్రాము రాత్రింబగళ్ళు ఒక పుట నుంచి ఇంకొక పుటకు లంకెల మీదుగా నడుస్తూ, చూసినదానినంతా ముందే నమోదు చేసి ఉంచుతుంది. వైద్యగ్రంథాల చివర పదసూచిక ఉంటుంది కదా, ఏ మాట ఏయే పుటలలో ఉన్నదో చెప్పే పట్టిక, అటువంటిదే ఇది కూడా, కొలతకు అందనంత పెద్దది. మీ ప్రశ్నలోని మాటలు ఉన్న పుటలను ఆ పట్టిక నుంచి ఏరడం సులువు. ఏరినవాటిని ఏ వరుసలో పేర్చాలన్నదే అసలు విద్య.

తొలినాటి శోధన యంత్రాలు ఒక మాట పుటలో ఎన్నిసార్లు వచ్చింది, ఎక్కడ వచ్చింది అన్నదానికే ఎక్కువ విలువ ఇచ్చేవి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులుగా ఉన్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1998లో ప్రకటించిన పత్రంలో ఇంకొక మార్గం చూపారు. ఒక పుటకు ఎందరు లంకె ఇచ్చారో చూడాలి, ఇచ్చినవారి పరపతి ఎంతో కూడా చూడాలి అన్నారు. వైద్యులకు ఈ ఆలోచన కొత్తది కాదు. ఒక పరిశోధన పత్రాన్ని తరువాతివారు ఎందరు ఉదహరించారో లెక్కించే సూచిక కావాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లోనే సైన్స్ పత్రికలో వ్రాశాడు. మా పత్రికలకు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే కొలమానం పుట్టింది ఆయన కృషి నుంచే. అంటే పండితుల లోకంలో ఉన్న పద్ధతినే ఆ ఇద్దరు యువకులు వెబ్‌కు అన్వయించారు. లంకె అంటే ఓటు, పెద్దమనిషి వేసిన ఓటుకు విలువ ఎక్కువ.

ఓటు ఉన్నచోట ఓటు కొనుగోలు వస్తుందని మన రాష్ట్రాలవారికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. లంకెలు అమ్మే వ్యాపారం పుట్టింది. ఒకరికొకరు లంకెలు ఇచ్చుకోవడానికి మాత్రమే వందల బూటకపు సైట్లు వెలిశాయి. అంతకుముందే మాటలను కుక్కడం అనే జబ్బు ఉండేది. తెల్లని కాగితంపై తెల్లని అక్షరాలతో "షుగర్ మందు, షుగర్ మందు" అని వందసార్లు వ్రాసేవారు. మన కంటికి కనబడదు, యంత్రానికి కనబడుతుంది. 2006లో బీఎమ్‌డబ్ల్యూ కార్ల సంస్థ జర్మనీ సైట్ యంత్రానికి ఒక పుటను, మనుషులకు ఇంకొక పుటను చూపుతున్నదని గూగుల్ దానిని ఫలితాల నుంచి కొద్ది రోజులపాటు తొలగించింది. అంతటి సంస్థకే ఆ యావ పట్టిందంటే చిన్నవారి సంగతి చెప్పేదేముంది. 2011లో పాండా అనే మార్పుతో పసలేని వ్యాసాల కర్మాగారాలను, 2012లో పెంగ్విన్ అనే మార్పుతో కొనుగోలు లంకెలను గూగుల్ అణచడానికి ప్రయత్నించింది. సూక్ష్మజీవికీ యాంటీబయాటిక్‌కూ జరిగే పోరాటాన్ని చూసినవారికి ఈ కథ అర్థమవుతుంది. మందు మారినప్పుడల్లా క్రిమి కొత్త దారి వెదుక్కుంటుంది.

ఆరోగ్యానికి సంబంధించిన పుటల విషయంలో గూగుల్ మరికొంత కఠినంగా ఉంటానంటుంది. ఫలితాల నాణ్యతను పరీక్షించే మనుషుల కోసం అది వ్రాసిన మార్గదర్శకాలలో ఇటువంటి విషయాలకు "మీ డబ్బు లేదా మీ ప్రాణం" అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. దారికాచి దోచుకునే దొంగ అడిగే ప్రశ్నలాంటి ఈ పేరు ఎవరికి తోచిందో కాని, కొన్ని డబ్బా మందుల ప్రకటనలు చూసినప్పుడు సరిగ్గా కుదిరిందనిపిస్తుంది. అటువంటి పుటలలో వ్రాసినవారి నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయత చూడాలని ఆ మార్గదర్శకాలు చెబుతాయి. 2022 డిసెంబరులో వీటికి ప్రత్యక్ష అనుభవాన్ని కూడా చేర్చారు. ఆ పరీక్షకులు వేసే మార్కులు నేరుగా ఒక పుటను పైకో క్రిందికో జరపవు, యంత్రం సరిగా ఎంచుతున్నదో లేదో చూసుకోవడానికి పనికివస్తాయి. 2018 ఆగస్టులో వచ్చిన పెద్ద మార్పులో ఆరోగ్య సైట్లు ఎంతగా తారుమారయ్యాయంటే, ఆ రంగంలోనివారు దానికి "మెడిక్" అనే పేరే పెట్టుకున్నారు.

ఆంగ్లంలో ఈ కట్టుబాట్లు కొంతవరకు పనిచేస్తున్నాయని నా అభిప్రాయం. ఆంగ్లంలో గుండెపోటు లక్షణాలను వెదికితే పేరున్న ఆసుపత్రుల పుటలు, ప్రభుత్వ సంస్థల పుటలు ముందుగా వస్తాయి. తెలుగులో ఆ భరోసా ఇవ్వలేను. కారణం యంత్రం తెలివితక్కువతనం మాత్రమే కాదు. వరుస అనేది ఉన్నవాటి మధ్య పోలిక. మంచి పుటే లేనప్పుడు యంత్రం మాత్రం దేనిని పైన పెడుతుంది? ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం. పచ్చకామెర్లకు పసరు ఎక్కడ పోస్తారు అని వెదికేవారికి పసరు పోసేవారి చిరునామాలు దొరకడం సహజం. కామెర్లు అనేది లక్షణమే కాని జబ్బు కాదనీ, దాని వెనుక హెపటైటిస్, పిత్తనాళంలో రాయి, ఒక్కొక్కసారి క్యాన్సర్ కూడా ఉండవచ్చుననీ, ముందు రక్తపరీక్ష, స్కానింగ్ అవసరమనీ తెలుగులో, అదే ప్రశ్నకు సమాధానంగా వ్రాసి పెట్టినవారు ఎందరు? పసరు అనే మాటే మన వైద్యుల వ్యాసాలలో కనబడదు. ఆ మాట లేని పుట ఆ ప్రశ్నకు ఎదురుపడేది ఎలా?

ఈ విషయాల మీద ఆసక్తి పెరగడానికి కొంత కారణం నాకు వచ్చిన ఒక ఫోను. మాట్లాడిన యువకుడు మర్యాదస్థుడే. నెలకింత అని చెల్లిస్తే మూడు నెలల్లో నా వ్యాసాలను మొదటి స్థానానికి తెస్తామని, అది గ్యారంటీ అని చెప్పాడు. ఎలా తెస్తారు నాయనా అని అడిగాను. తమ చేతిలో కొన్ని వందల సైట్లు ఉన్నాయని, వాటన్నిటి నుంచి నా పుటలకు లంకెలు వేస్తామని అన్నాడు. ఆ సైట్లలో ఏముంటుందని అడిగితే, "ఏదో ఒకటి ఉంటుంది సార్, ఎవరూ చదవరు" అన్నాడు. ఎవరూ చదవని చోట నా పేరు వేయించుకోవడానికి నెలనెలా డబ్బు కట్టడం నా బుద్ధికి ఎక్కలేదు. మొదటి స్థానాన్ని ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సలహా పుటలలోనే స్పష్టంగా వ్రాసింది. మీలో చిన్న క్లినిక్కులు, డయాగ్నొస్టిక్ సెంటర్లు నడిపేవారు ఉన్నారని తెలుసు కనుక ఈ సంగతి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. కొన్న లంకెలు పట్టుబడితే ఉన్న స్థానం కూడా పోతుంది, పోయినదానిని తిరిగి తెచ్చుకోవడానికి నెలలు పడుతుంది.

డబ్బు సంగతి అటుంచితే, ఇందులో వైద్యునికి మాత్రమే ఎదురయ్యే ధర్మసందేహం ఒకటి ఉంది. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం వైద్యుడు ప్రత్యక్షంగా కాని, పరోక్షంగా కాని రోగులను తన వైపు పిలుచుకోరాదు. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొంతకాలం ఊళ్ళో లేనప్పుడు, తిరిగి వచ్చినప్పుడు, ఇటువంటి కొద్ది సందర్భాలలో మాత్రమే పత్రికలో ప్రకటన ఇవ్వవచ్చును. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ వెలువరించిన కొత్త నిబంధనలలో ఈ కాలానికి తగిన వాక్యం కూడా ఉండింది. లైకులు, ఫాలోయర్లను కొనడం, శోధన ఫలితాలలో తన పేరు పైకి వచ్చేలా డబ్బు చెల్లించడం వైద్యుడు చేయరాదని అది చెప్పింది. ఆ నిబంధనలను అదే నెలలో నిలుపుదల చేశారు, అది వేరే కథ. వాక్యం మాత్రం నాకు సబబుగానే తోచింది.

అలాగైతే వైద్యుడు తన పుట పైకి రావాలని ప్రయత్నించడమే తప్పా? నేను గీసుకున్న గీత ఇది. "ఫలానా ఊళ్ళో ఉత్తమ గుండె వైద్యుడు" అని వెదికేవారికి నా పేరు ముందు కనబడాలని పాటుపడటం రోగులను పిలుచుకోవడమే. "అర్ధరాత్రి ఛాతీలో మంట" అని వెదికేవారికి సరైన సమాధానం ముందు కనబడాలని పాటుపడటం ఆరోగ్య విద్య. మొదటిది పేరును పైకి తేవడం, రెండవది విషయాన్ని పైకి తేవడం. ఈ రెండూ ఎప్పుడూ అంత స్పష్టంగా విడిపోవని నాకు తెలుసు. వ్యాసం క్రింద వైద్యుని పేరు, అర్హత లేకపోతే దానిని నమ్మడం కష్టం, ఉంటే అది కొంత ప్రచారమే అవుతుంది. ప్రాక్టీసు మానివేసినవాడికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉన్నది, పిలిచినా కూర్చోబెట్టడానికి నాకు క్లినిక్కు లేదు. కాని, ఈ సందేహం పేరుతో మంచి వైద్యులు మౌనంగా ఉండిపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954లోనే మన పార్లమెంటు డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంతో నిషేధించింది. ఆ చట్టాన్ని చదవని పుటలు ఎన్ని ఉన్నాయో "షుగర్ శాశ్వతంగా తగ్గాలంటే" అని వెదికి మీరే చూడండి.

ఇక ధర్మమైన మార్గాలలో పుటను పైకి తేవడం ఎలా అన్న విషయానికి వస్తాను. దీనిలో తొంభై పాళ్ళు భాషకు సంబంధించిన పని.

ఛాతీ నొప్పితో కూర్చుని ఉన్న మనిషి "హృద్ధమనీ వ్యాధి" అని వెదకడు. చాలామంది "గుండెపోటు" అని కూడా వెదకరు, ఎందుకంటే తమకు వచ్చినది గుండెపోటు అని వారు అనుకోవడం లేదు. వారు వెదికేది "గ్యాస్ నొప్పి". ఛాతీ మధ్య బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, ఒళ్ళంతా చెమట, వీటన్నిటికీ మన ఇళ్ళలో ఒకటే పేరు, గ్యాస్ పట్టేసింది. ఔట్‌పేషెంటు గదిలో దశాబ్దాలపాటు విన్న మాట ఇది. సోడా త్రాగి, వాము నమిలి, తెల్లవారేదాకా ఆగి వచ్చేవారు. ఆ ఆగిన గంటలలోనే గుండె కండరం చనిపోతుంది. అందువల్ల గుండెపోటును గురించిన అతి ముఖ్యమైన పుటకు శీర్షిక "గుండెపోటు: కారణాలు, నివారణ" అని కాక, "గ్యాస్ నొప్పా, గుండెనొప్పా? రాత్రివేళ ఛాతీ పట్టేస్తే" అని ఉండాలి. మొదటి వాక్యంలోనే, చెమటతో కూడిన ఛాతీ బరువు పదిహేను నిమిషాలకు తగ్గకపోతే 108కి ఫోను చేసి ఈసీజీ తీయించుకోవాలని ఉండాలి. కారణాలు, నివారణ తీరికగా క్రింద చెప్పుకోవచ్చు.

ఇదే దృష్టితో మిగిలిన జబ్బులనూ చూడండి. మనం వ్రాసేది పక్షవాతం. భర్త మాట తడబడటం చూసి కంగారుపడిన ఇల్లాలు వెదికేది "మూతి వంకర పోయింది". రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి, సీటీ స్కాన్ తీసిన తరువాత, గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. ఆ నాలుగున్నర గంటలలో ఆమెకు సరైన పుట దొరకాలంటే ఆ పుటలో ఆమె మాట ఉండాలి. మూర్ఛ అని మనం వ్రాస్తే వారు ఫిట్స్ అంటారు. మూత్రపిండాలు అని మనం అంటే వారు కిడ్నీలు అంటారు. మధుమేహం అనే మాటలోని అందం నాకు తెలుసు, దానిని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. శీర్షికలో షుగర్ అని పెట్టి, లోపల ఒకసారి "షుగర్ వ్యాధిని వైద్యులు మధుమేహం అంటారు" అని పరిచయం చేసి, ఆపైన నా ఇష్టప్రకారం వ్రాసుకుంటాను. యంత్రానికీ, పాఠకునికీ, నాకూ ముగ్గురికీ సరిపోయిన ఒప్పందం అది.

వెదికేవారి మాటలు తెలుసుకోవడానికి డబ్బు పెట్టనక్కరలేదు. గూగుల్ వారి సెర్చ్ కన్సోల్ అనే సాధనం ఉచితం. మీ పుట ఏయే ప్రశ్నలకు కనబడింది, ఎన్నవ స్థానంలో కనబడింది, ఎందరు తెరిచారు అన్నది అది చూపుతుంది. నాకు అది ఔట్‌పేషెంటు రిజిస్టరులాగా అనిపిస్తుంది. రోగి చెప్పిన ఫిర్యాదును రోగి మాటలలోనే వ్రాసుకోవాలని వైద్య విద్యార్థికి నేర్పే మొదటి పాఠం. ఆ పాఠమే ఇక్కడా పనికివచ్చింది.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కులు కొన్ని ఉన్నాయి. యూనికోడ్ వాడుకలోకి రాకముందు మన పత్రికల సైట్లు ఎవరి సొంత ఖతులను వారు వాడుకునేవి. కంటికి తెలుగుగా కనబడిన ఆ పుటలు యంత్రానికి అర్థంలేని గుర్తుల గుట్టలు. అందువల్ల అప్పటి ఎన్నో మంచి వ్యాసాలు వెదుకులాటకు చిక్కకుండా పోయాయి. ఆ కాలం గడిచిందనుకుంటే, ఇప్పుడు బొమ్మల రోగం పట్టుకుంది. ఎంతో చక్కని ఆరోగ్య సలహాను రంగురంగుల పోస్టరుగా చేసి పంచుతారు. వాట్సాప్‌లో ఆ పూటకు తిరుగుతుంది, మరునాటికి మాయమవుతుంది. అక్షరాలుగా వ్రాసిన పుటను పట్టుకున్నంత తేలికగా బొమ్మలోని అక్షరాలను శోధన యంత్రం పట్టుకోలేదు. కళాశాలలు, వైద్య సంఘాలు, పంచాయతీలు దయచేసి ఆ సలహానే మామూలు అక్షరాలలో కూడా ఒక పుటలో పెట్టవలెనని నా ప్రార్థన. తప్పనిసరిగా బొమ్మ పెడితే, దాని వెనుక వివరణ వ్రాయడానికి ఆల్ట్ టెక్స్ట్ అనే చోటు ఉంటుంది. చూపులేనివారికి ఫోను చదివి వినిపించేది దానినే.

వర్ణక్రమం ఇంకొక చిక్కు. రాళ్ళు, రాళ్లు, రెండూ వాడుకలో ఉన్నవే. గుండెపోటును కొందరు కలిపి, కొందరు విడదీసి వ్రాస్తారు. తెలుగును ఆంగ్లాక్షరాలలో వ్రాసి వెదికేవారు ఇంకొక పెద్ద వర్గం. వీటిలో కొన్ని తేడాలను యంత్రం ఇప్పుడు తానే సర్దుకుంటున్నది. అన్ని రూపాలనూ ఒకే పుటలో కుక్కితే పాత జబ్బు తిరగబెట్టినట్లే. విషయం సహజంగా చెబుతూ పోతే ఒకటి రెండు రూపాలు వాటంతట అవే వస్తాయి, అది చాలు.

మిగిలిన పనులు ఇల్లు శుభ్రం చేసుకోవడం వంటివి. ఒక పుటలో ఒక ప్రశ్నకే సమాధానం ఉండాలి. పాముకాటు, తేలుకాటు, కుక్కకాటు ఒకే పుటలో కలగాపులగం చేస్తే ఏ ప్రశ్నకూ అది మంచి సమాధానం కాదు. ఎవరు వ్రాశారు, వారి చదువేమిటి, చివరిసారి ఎప్పుడు సరిచూశారు అన్నది పైననే కనబడాలి. పుట తేలికగా ఉండాలి. పట్నంలో కూర్చుని తయారుచేసిన భారీ ఫోటోల పుట, సిగ్నలు సరిగా అందని ఊళ్ళో పాము కరిచిన మనిషి ప్రక్కన ఉన్నవారి ఫోనులో తెరుచుకోకపోతే దాని స్థానం ఎన్నవదైతే ఏమిటి? మొబైలులో సరిగా కనబడే పుటలకు 2015 నుంచి గూగుల్ మొగ్గు చూపుతున్నది, అది నాకు నచ్చిన మార్పులలో ఒకటి. కీవర్డ్స్ అని పుట వెనుక దాచి వ్రాసే జాబితాకు తాము విలువ ఇవ్వడం లేదని 2009లోనే గూగుల్ చెప్పింది. ఇప్పటికీ దానికి వేరుగా రుసుము తీసుకునేవారు ఉన్నారని విన్నాను.

లంకెల మాట కూడా చెప్పాలి. కొనకూడదు అన్నాను కాని, అడగకూడదు అనలేదు. మీ ఊరి సైట్, పూర్వ విద్యార్థుల సైట్, ఉపాధ్యాయ సంఘం సైట్ నడిపేవారు ఉంటే, అందులో రేబిస్ టీకాను గురించో, పాముకాటుకు ప్రథమ చికిత్సను గురించో నమ్మదగిన తెలుగు పుటకు ఒక లంకె ఇవ్వండి. అది నాది కానక్కరలేదు. ప్రభుత్వ ఆసుపత్రిదైనా, వైద్య కళాశాలదైనా సరే. చదివి, నచ్చి ఇచ్చిన ఓటు అది, ఆ ఇద్దరు విద్యార్థులు 1998లో కోరుకున్నది అటువంటి ఓటునే.

వెదికేవారిగా మీరు గమనించవలసినవి కూడా ఉన్నాయి. అన్నిటికన్నా పైన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాలతో ఉండేది డబ్బు చెల్లించి వేయించుకున్న ప్రకటన, యోగ్యత వల్ల వచ్చిన స్థానం కాదు. పేరున్న పత్రిక చిరునామాలో కనబడినంత మాత్రాన ఆ వ్యాసం ఆ పత్రికవారు వ్రాసినదే కానవసరం లేదు. తమ సైట్‌లో కొంత చోటును ఇతరులకు అద్దెకిచ్చే అలవాటు ఒకటి ఉన్నది. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం అంటామే, సరిగ్గా అదే. 2024 మార్చిలో గూగుల్ దీనిని కూడా తన నిషేధాల జాబితాలో చేర్చింది. అదే సంవత్సరం నుంచి మన దేశంలోనూ కొన్ని ప్రశ్నలకు ఫలితాల పైన కృత్రిమ మేధ కూర్చిన సారాంశం కనబడటం మొదలైంది. దానిలో మందు మోతాదు కనబడితే దానిని చూసి వేసుకోకండి. క్రింద ఇచ్చిన మూల పుటను తెరిచి, ఎవరు వ్రాశారో చూడండి. వ్రాసినవారి పేరు లేక, మందు కొనడానికి ఫోను నంబరు మాత్రం ఉన్న పుటను వెంటనే మూసివేయండి.

ఎండలు ముదిరేలోగా వడదెబ్బను గురించిన పుటను సిద్ధం చేయాలనుకుంటున్నాను. మొదటి వాక్యాలు వ్రాసి ఉంచాను. ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ ఉన్న మనిషిని వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒంటిపై నీళ్ళు చల్లుతూ విసరుతూ 108కి ఫోను చేయాలి, స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్ళు పోయరాదు. శీర్షిక మాత్రం ఇంకా ఖాళీగా ఉంది. వడదెబ్బ, ఎండదెబ్బ, వడగాడ్పు తగిలింది, ఎండ కొట్టింది, ఇవి నేను విన్న మాటలు. ఉత్తరాంధ్రలో, రాయలసీమలో, తెలంగాణ పల్లెలలో మీ ఇంటివారు దీనిని ఏమంటారో, ఆ మాటను ఫోనులో ఏ అక్షరాలతో వ్రాసి వెదుకుతారో, ఏమీ సరిదిద్దకుండా నాకు తెలియజేయగలరు.